కరెంటుకో కమిషన్ ఉంది, బస్సుకేదీ?

ప్రయాణికుల కమిటీలకు నోరిస్తే చాలదు, అధికారం ఇవ్వాలి



మా ఊళ్లో నైట్ హాల్ట్ బస్సు ఒకటుండేది. రాత్రి ఎనిమిదిన్నరకు వచ్చి రామాలయం పక్కన ఆగేది. డ్రైవరు, కండక్టరు పంచాయతీ ఆఫీసు వరండాలో పడుకునేవాళ్లు. తెల్లవారి అయిదుంబావుకు బయల్దేరేది. మా ఊరికి కోడికూత కంటే ఆ బస్సు హారనే గుర్తు. బెండకాయ గంపలు, వంకాయ గోతాలు, పాల క్యాన్లు దాంట్లోనే ఎక్కేవి. పెద్దాసుపత్రికి పోయే ముసలివాళ్లు, కాలేజీ పిల్లలు, పట్నంలో మేస్త్రీ పనికి పోయేవాళ్లు అందరికీ అదొక్కటే బస్సు. ఏడు కొట్టేసరికి రైతుబజారులో గంప దించేవాళ్లం.

ఒకనాడు ఆ బస్సు రాలేదు. రిపేరన్నారు. మర్నాడూ రాలేదు. డ్రైవరు సెలవన్నారు. పది రోజులు గడిచాక తెలిసింది, ఆ ట్రిప్పు తీసేశారని. పంచాయతీకి ఒక కాగితం రాలేదు. స్టేజీ దగ్గర ఒక బోర్డు పెట్టలేదు. పెళ్లికి పందిరి తీసేసినట్టు రాత్రికి రాత్రి తీసేశారు.

బస్సులో లగేజీ టికెట్టుతో కలిపి నలభై, యాభై రూపాయల్లో అయ్యే పని, ఆటో మాట్లాడుకుంటే మూడొందలు దాటింది. బెండకాయ ధర పడిపోయిన రోజున గంప అమ్మిన డబ్బు ఆటోకే సరిపోయేది. నలుగురైదుగురు రైతులు కలిసి ఆటో కట్టుకుంటే ఎలాగో నెట్టుకొచ్చారు. అరెకరంలో కూరగాయలు వేసుకునే ఒంటరి ఆడమనిషి ఒకామె మాత్రం ఆ ఏడాది తోట తీసేసి ఉపాధి పనికి వెళ్లింది. ఆమెకు విత్తనం దొరక్క కాదు, బోరులో నీళ్లు లేక కాదు, పురుగు పట్టీ కాదు. బస్సు లేక సాగు మానేసింది. పంట నష్టం లెక్కలు రాసే ఏ అధికారి రిజిస్టరులోనూ ఈ నష్టానికి గడి లేదు.

నేను, ఇంకో ముగ్గురం అర్జీ పట్టుకుని తిరిగాం. ఏ డిపో, ఏ ఆఫీసరు అన్నది ఇక్కడ రాయను. ఎందుకంటే ఇది ఒక మనిషి తప్పు కాదు, ఏర్పాటులోనే ఉన్న లోపం. ఆ ఆఫీసరు మర్యాదగానే కూర్చోబెట్టాడు. "ఏం చేయమంటారండీ, కిలోమీటరుకు ఇంత రాబడి రావాలని పైనుంచి లెక్క ఉంది. మీ ట్రిప్పు ఆ లెక్కకు అందడం లేదు" అన్నాడు. "ఆ లెక్క ఒకసారి చూపించండి" అన్నాం. "అది ఆఫీసు కాగితం" అన్నాడు. పై ఆఫీసుకు వెళ్తే కింది ఆఫీసుకు రాస్తామన్నారు. సోమవారం కలెక్టరాఫీసులో అర్జీ ఇచ్చాం. ఆ అర్జీ నంబరు వేయించుకుని, ఊళ్లన్నీ తిరిగి, చివరికి మేం మొదట కలిసిన ఆఫీసరు బల్ల మీదికే వచ్చి పడింది. ఆయన దాని మీద "రాబడి లేనందున వీలు పడదు" అని రాశాడు. మా ఫోనుకు "మీ సమస్య పరిష్కరించబడింది" అని మెసేజీ వచ్చింది.

ఎవరి మీద ఫిర్యాదు చేశామో ఆయనే విచారించి ఆయనే తీర్పు చెప్పాడు. ఇదేం న్యాయం అని అడగడానికి మాకు ఇంకో గడప లేదు. ఈ నెల నేను మాట్లాడదలిచింది ఆ లేని గడప గురించి.

కరెంటు దగ్గర మనం నేర్చుకున్నది

మన సంఘంలో పాతవాళ్లకు గుర్తుంటుంది. 1998లో ఉమ్మడి రాష్ట్రంలో విద్యుత్ సంస్కరణల చట్టం తెచ్చారు. 1999లో విద్యుత్ నియంత్రణ కమిషన్ పెట్టారు. అది మన మీద ప్రేమతో పెట్టింది కాదు. ప్రపంచ బ్యాంకు చెప్పిన సంస్కరణల్లో అదొక ముక్క. ఆ సంస్కరణలను మనం వ్యతిరేకించాం. 2000లో చార్జీలు పెంచితే రాష్ట్రమంతా ఉద్యమం నడిచింది. ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పుల్లో ముగ్గురు ప్రాణాలిచ్చారు. ఆ రక్తం మరిచిపోయే మనిషి ఈ పత్రిక చదివేవాళ్లలో ఉండడు.

అయినా ఒక మాట నిజాయితీగా ఒప్పుకోవాలి. ఆ కమిషన్ వల్ల ఒక అలవాటు వచ్చింది. చార్జీ పెంచాలంటే డిస్కంలు ముందు తమ ఆదాయ, ఖర్చుల లెక్కలు కమిషన్ ముందు పెట్టాలి. పేపర్లో ప్రకటన ఇవ్వాలి. అభ్యంతరాలు తీసుకోవాలి. బహిరంగ విచారణ జరగాలి. పంచె కట్టుకుని వచ్చిన రైతు మైకు ముందు నిలబడి "ఈ కొనుగోలు ఒప్పందం ఎందుకు చేశారు, ఈ నష్టం మా నెత్తిన ఎందుకు వేస్తున్నారు" అని అడిగితే, ఏసీ కారులో వచ్చిన అధికారి కాగితం మీద జవాబివ్వాలి. 2003 నాటి కేంద్ర విద్యుత్ చట్టం ఈ పద్ధతికి గట్టి పునాది వేసింది. వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికలు, వాటిపైన విద్యుత్ అంబుడ్స్‌మన్ ఆ చట్టం నుంచి వచ్చినవే.

ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే పల్లెల్లో 48 గంటల్లో మార్చాలని కమిషన్ నిబంధన ఉంది. మార్చకపోతే పరిహారం అడగొచ్చు. అన్ని చోట్లా అమలవుతోందా? లేదు. లైన్‌మన్‌కు డబ్బులు పోగుచేసి ఇచ్చిన ఊళ్లు మనకు తెలియనివి కావు. కమిషన్ మన మాట విననిసార్లే ఎక్కువ. కానీ "48 గంటలు" అన్న మాట కాగితం మీద ఉండబట్టే సబ్‌స్టేషన్ ముందు కూర్చున్నప్పుడు మన గొంతుకు బలం వచ్చింది. హక్కు కాగితం మీదకు ఎక్కాక దాన్ని నేల మీదికి దించడానికి పోరాడొచ్చు. కాగితం మీదే లేని హక్కు కోసం ఎవరి ముందు కూర్చుంటాం?

బస్సు విషయంలో మన పరిస్థితి సరిగ్గా అదే. ట్రాన్స్‌ఫార్మర్ 48 గంటలు రాకపోతే అడగడానికి ఒక నిబంధన ఉంది. బస్సు 48 రోజులు రాకపోయినా అడగడానికి ఏమీ లేదు.

చట్టంలో ఏముంది?

నేను చదివింది పదో తరగతే. అయినా చట్టం పుస్తకం తెచ్చుకుని, తెలిసిన ప్లీడరు గారి దగ్గర కూర్చుని చదివించుకున్నాను. ఆర్టీసీలు నడిచేది 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టం కింద. ఉమ్మడి రాష్ట్రంలో మన ఆర్టీసీ 1958 జనవరి 11న ఏర్పడిందీ ఆ చట్టం కిందే. దాని 18వ సెక్షన్ ప్రకారం సంస్థ బాధ్యత ఏమిటంటే, రాష్ట్రంలో సమర్థమైన, చాలినంత, పొదుపైన, ఒక పద్ధతిలో అమరిన రోడ్డు రవాణా కల్పించడం. "చాలినంత" అన్న మాట గుర్తు పెట్టుకోండి. అదే చట్టం 22వ సెక్షన్ సంస్థ వ్యాపార సూత్రాల మీద నడవాలంటుంది. ఆఫీసులో కూర్చున్నవాళ్లకు 22 కంఠతా వచ్చు. 18 గుర్తు చేసేవాడే లేడు.

మరి ప్రయాణికుడి మాట ఎక్కడుంది? 17వ సెక్షన్‌లో ఉంది. రాష్ట్ర ప్రభుత్వం రూల్స్ చేసి సలహా మండళ్లు ఏర్పాటు చేయించవచ్చని ఆ సెక్షన్ చెబుతోంది. రెండు మాటలు గమనించండి. "చేయవచ్చు" అన్నారు, "చేయాలి" అనలేదు. "సలహా" అన్నారు, "ఆదేశం" అనలేదు. అంటే పెట్టకపోయినా అడిగేవాడు లేడు, పెట్టినా దాని మాట వినాల్సిన పని లేదు. టీ, బిస్కెట్టు తిని సంతకం పెట్టి వచ్చే కమిటీ అది.

ఇక చార్జీల సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 డిసెంబరులో బస్సు చార్జీలు పెంచారు. 2022 ఏప్రిల్‌లో డీజిల్ సెస్సు పేరుతో పల్లెవెలుగు టికెట్టు మీద కూడా రెండు రూపాయలు వేశారు. అదే ఏడాది జులైలో దూరాన్ని బట్టి మళ్లీ సెస్సు వేశారు. ఈ మూడింటిలో దేనికైనా కరెంటు చార్జీల మాదిరి బహిరంగ విచారణ జరిగిందా? లెక్కలు ముందుగా మన ముందు పెట్టారా? ఒక సాయంత్రం ప్రకటన, మర్నాడు కొత్త టికెట్టు. డీజిల్ ధర పెరిగిన మాట నిజమే కావచ్చు. పెంపు న్యాయమే కావచ్చు. ఆ సంగతి మనకు చెప్పి, మన ప్రశ్నకు జవాబిచ్చి పెంచాలన్నదే నా మాట.

ఇంకో విషయం. 1988 మోటారు వాహనాల చట్టంలో ఆరో అధ్యాయం ఉంది. దాని కింద ప్రభుత్వం ఒక రూటును ఆర్టీసీకి కేటాయిస్తే, ఆ రూటులో ప్రైవేటు సర్వీసు బస్సులను రాకుండా ఆపవచ్చు. ఇది మంచి ఏర్పాటే. ప్రైవేటువాళ్లు రద్దీ ఉన్న రూట్లు ఏరుకుని, పల్లెలను వదిలేయకుండా చేయడానికే ఇది పెట్టారు. మన సంఘం దీన్ని సమర్థిస్తుంది. కానీ గుత్త హక్కు తీసుకున్నాక బాధ్యత కూడా తీసుకోవాలి కదా! రూటు నాదే అంటారు, బస్సు వేయరు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్న సామెత దీనికి అతికినట్టు సరిపోతుంది. చివరికి ఆ రూటులో తిరిగేది ముగ్గురెక్కాల్సిన చోట పదిమందిని ఎక్కించే ఆటో. మిరప కోతలకు, పత్తి తీతలకు పోయే కూలి ఆడవాళ్లు ఆ ఆటోల్లోనే వేలాడుతూ పోతున్నారు. ప్రమాదం జరిగిన రోజున పేపర్లో ఆటో డ్రైవరు తప్పు రాస్తారు. ఆ రోడ్డు మీద బస్సు ఎందుకు లేదన్నది ఎవరూ రాయరు.

రైలు కమిటీలను చూశాం కదా

"కమిటీ ఉంటే చాలు, అన్నీ సర్దుకుంటాయి" అనుకునేవాళ్లు రైల్వే వైపు చూడండి. అక్కడ ప్రయాణికుల సంప్రదింపుల కమిటీలు స్టేషన్ స్థాయి నుంచి డివిజన్, జోన్, జాతీయ స్థాయి దాకా ఉన్నాయి. వర్తక సంఘాలతో పాటు వ్యవసాయ సంఘాల ప్రతినిధులకు కూడా వాటిలో చోటు ఉంది. ఈ సంగతి మన రైతుల్లో ఎంతమందికి తెలుసు?

ఆ కమిటీలు ఉండగానే ఏం జరిగిందో చెబుతాను. 2020 మార్చిలో కరోనా వచ్చి రైళ్లు ఆగాయి. తర్వాత ప్యాసింజర్ రైళ్లను మళ్లీ వదిలినప్పుడు వాటికి ఎక్స్‌ప్రెస్ చార్జీ పెట్టారు. అదే రైలు, అవే చెక్క సీట్లు, అన్ని స్టేషన్లలో ఆగే అదే నడక. పది రూపాయల కనీస టికెట్టు మాత్రం ముప్పై అయింది. కరోనా పోయింది. ముప్పై పోలేదు. 2024 ఫిబ్రవరిలో గానీ పాత చార్జీ తిరిగి రాలేదు. పక్క స్టేషన్‌కు పాలు, పూలు మోసుకుపోయే మనిషి అన్నేళ్లు మూడింతలు కట్టాడు. ఏ కమిటీ ఆపగలిగింది? సభ్యులు అడిగే ఉంటారు. అడగడం వరకే వాళ్ల పని. ఇవ్వడం, ఇవ్వకపోవడం రైల్వే ఇష్టం.

అదే 2020 మార్చిలో టికెట్టు రాయితీలు చాలా వరకు ఆపేశారు. వృద్ధులకు ఉన్న రాయితీ పోయిందని అందరికీ తెలుసు. రైతులకు ఉన్నవి కూడా అప్పుడే ఆగిపోయాయని తెలిసినవాళ్లు తక్కువ. వ్యవసాయ ప్రదర్శనకు వెళ్లే రైతుకు, శిక్షణ కోసం సంస్థలకు వెళ్లే రైతుకు, పాడి రైతుకు రైలు టికెట్టులో రాయితీ ఉండేది. పోయేటప్పుడు మనల్ని అడగలేదు. పోయిందని చెప్పను కూడా లేదు. నోరుండి చెయ్యి లేని కమిటీ ఎంత పెద్దదైనా ఇంతే.

ఇంగ్లండు సంగతి కూడా ఒక ముక్క చెబుతాను, మన పాలకులకు ఆ దేశం పేరు చెబితే చెవికెక్కుతుంది గనక. అక్కడ 2005 చట్టంతో రైలు ప్రయాణికుల కోసం ఒక జాతీయ మండలి పెట్టారు. 2010లో బస్సు ప్రయాణికులను కూడా దాని పరిధిలోకి తెచ్చారు. 2015లో పెద్ద రహదారులు వాడుకునేవాళ్లను చేర్చారు. అది ఆరా తీస్తుంది, సర్వే చేసి బయటపెడుతుంది, కానీ గట్టి ఆదేశాలిచ్చే శక్తి దానికి చాలదని అక్కడి ప్రభుత్వమే గుర్తించి, 2025లో ఇంకా అధికారాలు ఇవ్వాలని ప్రతిపాదించింది. అంటే పరిధి పెంచినంత మాత్రాన చాలదని, అధికారం కూడా ఉండాలని వాళ్లకు ఇరవై ఏళ్లకు తెలిసింది. మనం ఇరవై ఏళ్లు ఆగక్కర్లేదు. మన కరెంటు కమిషన్ అనుభవం మన దగ్గరే ఉంది.

ఎవరెవరిని కలుపుకోవాలి

మనం అడిగే ప్రయాణికుల కమిషన్ పరిధి టికెట్టు కొని సీట్లో కూర్చున్న మనిషి వరకే ఆగకూడదు.

మొదటిది, గంప. 1999లో రైతుబజార్లు పెట్టినప్పుడు కూరగాయల రైతుల కోసం ప్రత్యేకంగా బస్సులు నడిపారు. గంపలతో రైతును ఎక్కించుకోవడం ప్రభుత్వ బాధ్యత అని అప్పుడు ఒప్పుకున్నారు. ఈ రోజు గంప కనబడితే బస్సు ఆపకుండా పోయే చోట్లు ఉన్నాయి. కండక్టరును అనను. బస్సులో జనమే నిలబడటానికి చోటు లేదు. లగేజీ రేటు, పార్సిల్ రేటు, పాల క్యానుకు చోటు, పాడైన సరుకుకు పరిహారం, ఇవన్నీ కమిషన్ పరిధిలో ఉండాలి. రైతుకు బస్సంటే సగం ప్రయాణం, సగం మార్కెట్టు.

రెండోది, ఉచిత టికెట్టు. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద ఆడవాళ్లు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచితంగా వెళ్తున్నారు. మంచి పథకం. కూలి తల్లికి రోజుకు కొంత మిగులుతోంది. కానీ బస్సే రాని ఊళ్లో ఉచితం ఏం చేసుకోవాలి? ఇంకో చిక్కు కూడా ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉచితంగా చేసే సేవను "సేవ" నిర్వచనంలోంచి తీసేసింది. జీరో టికెట్టు పట్టుకున్న ఆడమనిషి వినియోగదారుల కమిషన్‌కు వెళ్తే "నువ్వు డబ్బు కట్టలేదు కదా" అని అవతలి వకీలు అడగడానికి సందుంది. ఆమె తరఫున ప్రభుత్వం కడుతోంది అని మనం వాదించొచ్చు. ఆ వాదన కోర్టుల చుట్టూ తిప్పే బదులు, జీరో టికెట్టు అయినా పూర్తి టికెట్టే, ఆమెకూ సమాన హక్కులే అని ప్రయాణికుల కమిషన్ చట్టంలో ఒక్క వాక్యం రాస్తే సరిపోతుంది.

మూడోది, బస్సు లేని ఊరు. ప్రయాణం చేసినవాడి ఫిర్యాదు తీసుకోవడానికి ఇప్పటికే ఫోను నంబర్లు ఉన్నాయి. బస్సే లేక ప్రయాణం చేయలేనివాడి మాట ఎవరూ తీసుకోరు. వాడి దగ్గర టికెట్టు ఉండదు కదా! కమిషన్ ముందు మొదటి హక్కు వాడిదే కావాలి.

నాలుగోది, బస్టాండు, స్టేజీ. మరుగుదొడ్డి, మంచినీళ్లు, రాత్రి లైటు, నీడ. ఇవి లేక ఎక్కువ బాధపడేది పొద్దున్నే గంపతో వచ్చి గంట ముందే నిలబడే ఆడవాళ్లు.

ఏ అధికారాలుండాలి

బస్సు ట్రిప్పు తీసేయాలంటే కనీసం అరవై రోజుల ముందు పంచాయతీకి నోటీసు ఇవ్వాలి. రాబడి లెక్క ఆ నోటీసుతో జతచేయాలి. ఊరు కోరితే మండలంలోనే విచారణ జరపాలి. విచారణ తేలేదాకా బస్సు ఆపకూడదు.

చార్జీ, సెస్సు ఏ పేరుతో పెంచినా ముందు బహిరంగ విచారణ జరగాలి.

డిపో లాగ్‌షీట్లు, రద్దయిన ట్రిప్పుల లెక్క, ప్రభుత్వం సంస్థకు ఇవ్వాల్సిన బకాయిల లెక్క తెప్పించుకునే అధికారం కమిషన్‌కు ఉండాలి. ప్రతి నెలా డిపోవారీగా ఎన్ని ట్రిప్పులు వేయాల్సింది, ఎన్ని వేశారు అన్నది బస్టాండు గోడ మీద అంటించాలి.

ఫిర్యాదుకు గడువు ఉండాలి. ఎవరి మీద ఫిర్యాదో వాళ్లకే పంపకూడదు. కమిషన్ ఇచ్చిన ఉత్తర్వు పాటించకపోతే బాధ్యుడైన పై అధికారి మీద చర్య ఉండాలి, డ్రైవరు, కండక్టరు మీద కాదు.

కమిషన్‌లో పంచాయతీల నుంచి, రైతు సంఘాల నుంచి, వ్యవసాయ కార్మిక సంఘాల నుంచి, మహిళల నుంచి, విద్యార్థుల నుంచి, వికలాంగుల నుంచి ప్రతినిధులుండాలి. ఎన్నికల్లో ఓడిపోయిన నాయకుడికి కారు, గన్‌మన్ ఇవ్వడానికి పెట్టే కుర్చీ కాకూడదు.

వచ్చే అభ్యంతరాలు

మొదటి అభ్యంతరం, "ఆర్టీసీ నష్టాల్లో ఉంది, మీరు ఇంకా బరువు వేస్తున్నారు" అని. చెరువు పూడిక తీయించినప్పుడు దాని మీద లాభం వచ్చిందా అని ఎవరైనా అడుగుతారా? పల్లె రూటుకు నష్టం వస్తే ఆ నష్టం ఎంతో తేల్చి, ప్రభుత్వం సంస్థకు కట్టాలి. ఉచిత ప్రయాణానికి కడతామన్న డబ్బు ఎంత, కట్టింది ఎంత అన్నది జనం ముందు పెట్టాలి. మనం అడిగే కమిషన్ సంస్థకు శత్రువు కాదు. ప్రభుత్వం దగ్గర సంస్థకు రావాల్సిన డబ్బు అడిగే సాక్షి కూడా అదే. ఆర్టీసీని ప్రైవేటుకు అప్పజెప్పాలని చూసేవాళ్లకు ముందు కావాల్సింది జనానికి బస్సు మీద విసుగు పుట్టడమే. బస్సు మంచిగా నడిస్తే దాన్ని అమ్మడం ఎవడి తరమూ కాదు.

రెండో అభ్యంతరం మన కార్మిక సోదరుల నుంచి రావచ్చు. "ఇంకో కొరడా మా వీపు మీదేనా?" అని. ఇది న్యాయమైన భయం. 2020 జనవరి 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఆర్టీసీ సిబ్బంది ప్రభుత్వ ఉద్యోగులయ్యారు. దానికోసం వాళ్లు ఎన్నేళ్లు పోరాడారో మనకు తెలుసు. తెలంగాణలో 2019లో యాభై రోజులకు పైగా సమ్మె చేసినప్పుడు రైతు సంఘాలు వాళ్ల పక్కన నిలబడ్డాయి. పాత బస్సు ఇచ్చి, సిబ్బందిని తగ్గించి, డబుల్ డ్యూటీ వేయించి, చివరికి "సమయానికి రాలేదేం" అని డ్రైవరు కాలరు పట్టుకోవడం మన పద్ధతి కాదు. లాగ్‌షీట్లు బయటపడితే తప్పు డ్రైవరుదా, బస్సు ఇవ్వని పైవాళ్లదా అన్నది తేలిపోతుంది. కార్మిక సంఘాలకూ కమిషన్‌లో చోటివ్వాలని మనమే అడుగుదాం.

మూడో అభ్యంతరం, "చట్టం చేయడానికి ఏళ్లు పడుతుంది" అని. కావచ్చు. పూర్తి అధికారాలున్న కమిషన్‌కు శాసనసభలో చట్టం కావాలి. కానీ 17వ సెక్షన్ కింద రూల్స్ చేసి, జిల్లా జిల్లాకూ సలహా మండలి పెట్టడానికి ప్రభుత్వానికి అడ్డేమిటి? 34వ సెక్షన్ కింద ఆర్టీసీకి ఆదేశాలిచ్చే అధికారం ప్రభుత్వానికి ఉంది. "ట్రిప్పు తీసే ముందు పంచాయతీకి నోటీసు ఇవ్వు, చార్జీ పెంచే ముందు విచారణ జరుపు" అని ఒక ఆదేశం ఇవ్వడానికి కొత్త చట్టం అక్కర్లేదు. మనసుంటే చాలు. రైలు కేంద్రం చేతిలో ఉంది గనక అక్కడి కమిటీలకు అధికారం కావాలన్న డిమాండు మన ఎంపీల ముందు వేరుగా పెట్టాలి.

మనం చేయాల్సింది

అడగందే అమ్మైనా పెట్టదు. అడగాలంటే చేతిలో లెక్క ఉండాలి. అందుకే ప్రతి గ్రామ కమిటీకి నా విన్నపం ఇది. స్టేజీ పక్కన కొట్టువాడికో, కాలేజీకి పోయే పిల్లకో ఒక నోటుబుక్కు అప్పజెప్పండి. బస్సు రావాల్సిన టైము, వచ్చిన టైము, రాని రోజు, గంప ఎక్కించుకోని రోజు, అంతా రాయించండి. మూడు నెలలు రాస్తే అది అర్జీ కాదు, సాక్ష్యం అవుతుంది.

సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలతో దరఖాస్తు పెట్టండి. మీ ఊరి ట్రిప్పు ఎందుకు తీశారు, ఏ లెక్క మీద తీశారు అని అడగండి. 2005 నాటి ఆ చట్టం 4వ సెక్షన్ ప్రకారం ఒక నిర్ణయం వల్ల ఎవరికి ఇబ్బంది కలుగుతుందో వాళ్లకు కారణాలు చెప్పడం ఆఫీసు బాధ్యత. "అది ఆఫీసు కాగితం" అన్న మాటకు ఇది జవాబు. మా ఊళ్లో మేం చేసింది కూడా ఇదే. ముప్పై రోజులకు లెక్క వచ్చింది. చూస్తే ఆ రాబడి లెక్కలో ఉన్నవి ఎండాకాలం రెండు నెలలు మాత్రమే. కాలేజీలు మూసి, తోటలు ఎండిపోయిన నెలలు! ఆ కాగితం చూపించాక వారానికి నాలుగు రోజులు బస్సు వేస్తామన్నారు. వేస్తున్నారు. మిగతా మూడు రోజుల కోసం ఇంకా తిరుగుతున్నాం.

గ్రామసభలో తీర్మానం చేయించండి. మహిళా సంఘాలను, విద్యార్థులను, వ్యవసాయ కార్మికులను కలుపుకోండి. బస్సు మనందరిదీ. వచ్చే మండల సమావేశాలకు ఆ నోటుబుక్కులతో రండి. అవి జిల్లాల వారీగా పేర్చి ప్రభుత్వం ముందు పెడదాం. వేల ఊళ్ల లెక్క ఒక్కసారి బల్ల మీద పడితే "రాబడి లేదు" అన్న ఒక్క ముక్కతో తోసిపుచ్చడం ఎవరి వల్లా కాదు.

కరెంటు కోసం ప్రాణాలే ఇచ్చాం. బస్సు కోసం ఒక నోటుబుక్కు రాయలేమా? తోట తీసేసిన ఆ ఆడమనిషి మొన్న కనబడి అడిగింది: "అన్నా, బస్సు రోజూ వస్తుందంటే చెప్పు, మళ్లీ బెండ విత్తుకుంటాను." రోజూ వస్తుందని ఆమెకు మాటివ్వగల మనిషి ఈ రోజు రాష్ట్రంలో ఒక్కడూ లేడు. ఆ మాట ఇవ్వాల్సిన బాధ్యత ఒకరి మీద పెట్టి, తప్పితే నిలదీసే అధికారం మన చేతికి తెచ్చుకోవాలి. అది తెచ్చుకునేదాకా ఈ పోరాటం ఆపొద్దు.